వాడిన నీళ్లను నేలకు తాగించడం ఎలా? (నుయ్యి, బోరు చెడకుండా)

ఎండలు ముదిరి నూతి తాడు పొడుగు పెంచాల్సి వచ్చేసరికి దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. “స్నానాల నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు రోజూ వీధి కాలవలో కలిసిపోతున్నాయి. వాటిని బోరు పక్కన గొయ్యి తీసి వదిలితే ఊట పెరుగుతుందా?”

పెరుగుతుంది. కానీ బోరు పక్కన వద్దు, బోరులోకి అసలే వద్దు. వాడిన నీళ్లు ఇంకుడు గోతిలో పడి, మట్టిలోంచి మెల్లగా దిగి ఊటకు చేరాలి. గోతి అడుగుకీ భూగర్భ జలానికీ మధ్య కనీసం 2 మీటర్ల మందాన, వానాకాలంలో కూడా ఊట మట్టం ఎక్కని నేల ఉండాలి. వడపోత జరిగేది ఆ 2 మీటర్లలోనే. గోతిలో వేసే రాళ్లు నీళ్లను కాసేపు నిలిపి ఉంచుతాయి, అంతే. అవి శుభ్రం చేయవు. చాలామంది ఇక్కడే పొరపడతారు.

ఎన్ని నీళ్లు దొరుకుతాయి?

కుళాయి పథకాల లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. అందులో దాదాపు 70 శాతం వాడిన నీళ్లుగా బయటికి వస్తాయనుకోండి. ఐదుగురున్న ఇంట్లో రోజుకు సుమారు 190 లీటర్లు, ఏడాదికి 69,000 లీటర్లకు పైనే. ఒక్క ఇంటి నీళ్లతో మీ నూతిలో మట్టం పైకి వచ్చిందని కంటితో చూడలేరు. 40 ఇళ్ల వీధి మొత్తం చేస్తే అది 27 లక్షల లీటర్లు దాటుతుంది, అప్పుడు లెక్కలోకి వస్తుంది. అందుకని వీలైతే నలుగురు కలిసి చేయండి.

ఏ నీళ్లు గోతిలోకి, ఏవి కాదు

స్నానం నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు, చేతులూ కాళ్లూ కడిగిన నీళ్లు, కూరలూ బియ్యం కడిగిన నీళ్లు నిశ్చింతగా పంపొచ్చు. అంట్లు తోమిన నీళ్లు జిడ్డు తొట్టి (నూనె, మెతుకులు ఆపే చిన్న తొట్టి, ఐదో మెట్టులో ఉంది) దాటాకే వెళ్లాలి.

ఇవి మాత్రం వద్దు:

- మరుగుదొడ్డి నీళ్లు, సెప్టిక్ ట్యాంకు నుంచి పొర్లే నీళ్లు. మరుగుదొడ్డి గోతికీ దీనికీ మధ్య ఏ గొట్టం కలపకూడదు, “తాత్కాలికంగా” అయినా సరే.
- పశువుల శాల కడిగిన నీళ్లు. పేడ, మూత్రంలోని నత్రజని నైట్రేటుగా మారి మట్టిలో ఆగకుండా నేరుగా ఊటలోకి దిగుతుంది. ఆ నీళ్లు పెంట కుప్పకి పోయండి.
- గంజి, కుడితి. పశువులకు పెట్టండి. గోతిలోకి వెళితే పిండి పదార్థం పులిసి, రాళ్లకు జిగురు పొర కడుతుంది.
- యాసిడ్, ఫినాయిల్, బ్లీచింగ్ కలిసిన నీళ్లు. మట్టిలో మురికిని తినే సూక్ష్మజీవులను ఇవి చంపేస్తాయి.
- పురుగుమందు డబ్బాలు, స్ప్రేయర్లు కడిగిన నీళ్లు, బ్యాటరీ నీళ్లు, ఇంజిన్ ఆయిల్, అద్దకం రంగులు. ఇవి మట్టిలో శుద్ధి కావు.

బట్టల నీళ్ల గురించి ఒక మాట. సబ్బు పొడిలో సోడియం ఎక్కువ. బంకమట్టికి సోడియం పడదు. మట్టి రేణువులు విడిపోయి, ఉబ్బి, రంధ్రాలు మూసుకుపోతాయి. మొదట నురగతో వచ్చే నీళ్లను కొబ్బరి మొదళ్లకు వదలండి, కొబ్బరి కొంత ఉప్పును తట్టుకుంటుంది. రెండో, మూడో జాడింపు నీళ్లను గోతికి పంపండి. వీలైనప్పుడు పొడికి బదులు బిళ్ల సబ్బు వాడండి.

కావలసినవి

ఐదుగురి ఇంటికి, నేల మధ్యరకంగా పీల్చుకుంటే:

- ఒక మూల గట్టి చోటు: గోతికి 1.2 మీ. × 1.2 మీ., చుట్టూ తిరగడానికి ఇంకో అర మీటరు
- 12–15 సెం.మీ. రాళ్లు, 8–10 సెం.మీ. రాళ్లు, 5 సెం.మీ. కంకర, మూడు పొరలకూ కలిపి సుమారు 1.75 ఘనపు మీటర్లు (62 ఘనపుటడుగులు, ఒక ట్రాక్టరు లోడు చాలు). రాయి దొరక్కపోతే బట్టీలో మాడిన ఇటుక ముక్కలు. పచ్చి ఇటుక, సరిగా కాలని ఇటుక వద్దు, నానిపోయి బురదవుతాయి.
- 75 మి.మీ. పీవీసీ గొట్టం, ఒక టీ (T ఆకారపు జాయింటు), రెండు ఎల్బోలు (వంపు జాయింట్లు)
- గోతి అడుగు దాకా నిలబెట్టడానికి 110 మి.మీ. గొట్టం 1.7 మీటర్లు, మూత
- తొట్టికి సుమారు 60 ఇటుకలు, సిమెంటు, ఇసుక, పలక
- పాత 20 లీటర్ల పెయింటు బకెట్టు, కొబ్బరి పీచు, గోనె సంచులు
- గునపం, పార, టేపు, స్కేలు, గడియారం

పనికి కాలం

సెప్టెంబరు, అక్టోబరుల్లో నూతి మట్టం చూడండి. నవంబరు, డిసెంబరుల్లో నేల పీల్చే వేగం కొలవండి. జనవరి, ఫిబ్రవరిల్లో తవ్వండి. ఏప్రిల్‌లో నెర్రెలిచ్చిన నేలలో కొలిస్తే నీళ్లు పగుళ్లలోంచి జారిపోయి, నేల బాగా పీలుస్తున్నట్టు అబద్ధపు లెక్క వస్తుంది. వానల్లో గొయ్యి తవ్వితే గోడలు కూలతాయి. పైగా గునపం రాసుకున్న చోటల్లా తడి బంకమట్టి అద్దంలా నునుపెక్కి పీల్చడం మానేస్తుంది.

1. వానాకాలం చివర భూగర్భ జలం ఎంత లోతున ఉందో చూడండి

మీ నూతిలోనో, దగ్గరలోని నూతిలోనో తాడుకు రాయి కట్టి దింపి, నేల మట్టం నుంచి నీటి దాకా ఎన్ని మీటర్లో కొలవండి. నూతి గట్టు ఎత్తు తీసేయడం మరవొద్దు. చాలామంది గట్టు మీంచి కొలిచి 70, 80 సెం.మీ. ఎక్కువ రాసుకుంటారు.

గొయ్యి లోతు 1.5 మీ., దాని కింద ఉండాల్సిన పొడి నేల 2 మీ. అంటే అక్టోబరులో కూడా నీళ్లు 3.5 మీటర్ల కంటే లోతున ఉండాలి. మెట్ట వీధుల్లో, కొండ వాలు ఊళ్లలో ఇది మామూలే. వంశధార, నాగావళి, మహేంద్రతనయ పక్కన పల్లపు ఊళ్లలో వరి కోతల దాకా నీళ్లు చేతికందేంత పైన ఉంటాయి. అక్కడ లోతు గొయ్యి తవ్వితే మురికి నీళ్లను ఊటలో నేరుగా కలిపినట్టే. మీది అలాంటి ఊరైతే “గొయ్యి కుదరని చోట” అన్న భాగం చూడండి.

2. చోటు ఎంచుకోండి

తాగే నీళ్ల నూతికి, బోరుకు, చేతి పంపుకు 15 మీటర్లకు తగ్గకూడదు. రాయి పైకి తేలిన చోట 18 మీటర్లు దాటించండి. ఇంటి పునాదికి 6 మీటర్ల దూరం మంచిది, స్థలం లేకపోతే 3 మీటర్లకు తగ్గించకండి.

దూరంతో పాటు వాలు కూడా చూడాలి. భూమి కింద నీళ్లు కూడా చాలా చోట్ల పైనేల వాలు వెంబడే గెడ్డ వైపు సాగుతాయి. అందుకని గొయ్యి తాగే నూతికి దిగువన ఉండాలి. మీ నూతికి దిగువన ఉంటే చాలదు, పక్కింటివాళ్ల నూతికి ఎగువన పడుతోందేమో కూడా చూడండి. వీధిలో తగవులు మొదలయ్యేది ఇక్కడే.

మన కొండ ప్రాంతంలో అడుగున ఎక్కువగా ఖొండలైటు, చార్నొకైటు రాళ్లు. బోర్లకు నీళ్లు వచ్చేది ఆ రాతి పగుళ్లలోంచి. పగులులో మట్టి ఉండదు, వడపోత ఉండదు. పగులులో పడ్డ మురికి చాలా దూరం వెళ్లగలదు. ఎండిపోయిన బోరులోకి స్నానాల నీళ్లు వదలడం ఇందుకే ప్రమాదం. మీ ఎండిన బోరూ పక్క వీధి నడుస్తున్న బోరూ ఒకే పగులు మీద ఉండొచ్చు.

3. నేల పీల్చే వేగం కొలవండి

చాలామంది వదిలేసేది ఈ మెట్టే. ఖర్చు లేని పని, పట్టేది రెండు రోజులు. దయచేసి వదలకండి.

గొయ్యి రావాల్సిన చోట, రావాల్సిన లోతులో కొలవాలి. పైన ఒక అడుగు ఎర్రనేల బాగా పీల్చినా, మీటరు కింద తెల్ల సుద్ద తగలొచ్చు. ఖొండలైటు కుళ్లిన చోట ఇది తరచూ కనిపిస్తుంది. ముందు మీటరు లోతు తవ్వి, ఆ అడుగున జానెడు వెడల్పు, 40 సెం.మీ. లోతు చిన్న గుంత తీయండి. గుంత గోడల నునుపు పోయేలా మేకుతో గీరండి. రాలిన మట్టి తీసేసి, అడుగున 5 సెం.మీ. ముతక ఇసుక వేయండి.

ఇసుక పైన 30 సెం.మీ. ఎత్తు నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి. మర్నాడు ఉదయం ఇసుక పైన 15 సెం.మీ. నీళ్లు ఉండేలా సరిచేసి, గుంత మీద కర్ర అడ్డం పెట్టి, ఆ కర్ర నుంచి నీటిదాకా స్కేలుతో కొలవండి. 30 నిమిషాల తరవాత మళ్లీ కొలవండి. రాత్రి పోసిన నీళ్లు పూర్తిగా ఇంకిపోయి ఉంటే, నాలుగు గంటల పాటు ప్రతి 30 నిమిషాలకూ నీళ్లు తిరిగి పోస్తూ కొలిచి, చివరి అరగంట లెక్కనే తీసుకోండి.

ఇప్పుడు 750ని, అరగంటలో దిగిన మిల్లీమీటర్లతో భాగించండి. వచ్చేది 25 మి.మీ. నీరు ఇంకడానికి పట్టే నిమిషాలు. 50 మి.మీ. దిగితే 15 నిమిషాలు. 25 మి.మీ. దిగితే 30 నిమిషాలు.

- 5 నిమిషాలు: చదరపు మీటరుకు రోజుకు 90 లీటర్లు పీలుస్తుంది
- 15 నిమిషాలు: 52 లీటర్లు
- 30 నిమిషాలు: 37 లీటర్లు
- 45 నిమిషాలు: 30 లీటర్లు
- 60 నిమిషాలు దాటితే: ఇంకుడు గొయ్యి పని చేయదు, ఆశ పెట్టుకోకండి

2 నిమిషాలకు లోపు వస్తే అదీ మంచి కబురు కాదు. గోపాలపూర్, ఛత్రపురం వైపు తీరపు ఇసుకలో నీళ్లు శుభ్రపడే వ్యవధి లేకుండా జారిపోతాయి.

4. గొయ్యి ఎంత ఉండాలో లెక్క కట్టండి

పీల్చేది గోడలే అనుకుని లెక్క వేయండి. అడుగు ఏడాది తిరిగేసరికి బురదతో మూసుకుంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

గొయ్యి 1.2 × 1.2 మీ., గొట్టం కింద 1.2 మీ. లోతు. నాలుగు గోడలు కలిపి 5.76 చదరపు మీటర్లు. నేల 15 నిమిషాలదైతే 5.76 × 52, అంటే రోజుకు దాదాపు 300 లీటర్లు. మీకు వచ్చేది 190. సగానికి పైగా వెసులుబాటు ఉంది, సరిపోతుంది. అదే నేల 30 నిమిషాలదైతే 213 లీటర్లే. కాగితం మీద సరిపోయినట్టున్నా, పండక్కి నలుగురు చుట్టాలు వస్తే పొర్లుతుంది. అప్పుడు రెండు గోతులు తీసి, నెలకొకటి మార్చి వాడండి. రెండు గోతులు వీలైతే నేల బాగున్న చోట కూడా అదే మంచి పద్ధతి. ఒక నెల ఎండిన గోతిలో జిగురు పొర దానంతటదే విరిగి, పీల్చే శక్తి చాలావరకు తిరిగొస్తుంది.

రాళ్ల మధ్య ఖాళీ దాదాపు 40 శాతం. ఈ గోతిలో 690 లీటర్లు నిలుస్తాయి, మూడు రోజుల పైచిలుకు నీళ్లు. వారం రోజుల ముసురుకు ఆ నిల్వ ఆదుకుంటుంది.

5. జిడ్డు తొట్టి కట్టండి

లోపల 45 × 45 సెం.మీ., లోతు 45 సెం.మీ. బయటికి పోయే గొట్టం అడుగు నుంచి 30 సెం.మీ. ఎత్తున పెట్టి, లోపలి చివర టీ నిలువుగా బిగించి, దాని కింది కొమ్ము నీటిలోకి 15–20 సెం.మీ. దిగేలా చేయండి. నూనె పైన తేలుతుంది, బూడిద, ఇసుక, మెతుకులు అడుగున దిగుతాయి, నడిమి నీళ్లు మాత్రమే బయటికి వెళతాయి. టీ బదులు గొట్టాన్ని నేరుగా గోడలోంచి తీస్తే పైన తేలిన జిడ్డంతా గోతిలోకే పోతుంది. మేస్త్రీలు ఎక్కువగా చేసేది ఇదే. దగ్గరుండి చూడండి.

టీ పై కొమ్ము తెరిచే ఉంచండి, కర్రతో పొడిచి శుభ్రం చేయడానికి పనికొస్తుంది. తొట్టి మీద ఇద్దరు ఎత్తగలిగే పలక వేయండి. మరీ బరువైతే ఎవరూ తీయరు, శుభ్రమూ చేయరు. స్నానాల గది నీళ్లు తొట్టిలోకి వచ్చే చోట జాలీ పెట్టండి, వెంట్రుకలు ఆగుతాయి.

6. తవ్వండి, నింపండి

తొట్టి నుంచి గోతికి గొట్టం మీటరుకు 1–2 సెం.మీ. వాలుతో సాగాలి. గొయ్యి నేల మట్టం నుంచి 1.5 మీటర్లు. వదులు నేలలో ఒక్కరే దిగి తవ్వొద్దు, పైన ఒకరు ఉండాలి. రాత్రి వదిలేయాల్సి వస్తే చుట్టూ ముళ్లకంప వేయండి, పిల్లలూ మేకలూ పడతాయి.

తవ్వడం అయ్యాక గోడలన్నీ గునపం మొనతో గీరండి. ఆ నునుపు అలా ఉంటే మూడో మెట్టులో వేసిన లెక్క పనికిరాదు. అడుగున సిమెంటు పోయకండి, ఇటుక పరచకండి. “గట్టిగా ఉంటుందని” పోసి, ఆనక నీళ్లు ఇంకట్లేదని బాధపడేవాళ్లు ప్రతి బ్లాకులోనూ ఉన్నారు.

110 మి.మీ. గొట్టానికి కింది మీటరు మేర రంధ్రాలు చేసి మూలన నిలబెట్టండి. ఇది చూపు గొట్టం. చాలా గోతుల్లో ఇది ఉండదు. అది లేకపోతే లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు.

కింద 40 సెం.మీ. పెద్ద రాళ్లు, నడుమ 40 సెం.మీ. మధ్యరకం, పైన 40 సెం.మీ. కంకర. రాళ్లు కడిగి వేయండి. క్వారీ దుమ్ముతో వేస్తే మొదటి వారంలోనే అడుగు మూసుకుపోతుంది. కంకర నడుమ పెయింటు బకెట్టును దింపండి. దాని కింది సగానికి వేలు దూరేంత రంధ్రాలు చేసి, అడుగున గుప్పెడు కంకర, పైన కొబ్బరి పీచు నింపి, గొట్టం నీళ్లు అందులో పడేలా పెట్టండి. మిగతా కంకర మీద గోనె రెండు వరసలు కప్పి, పైన 30 సెం.మీ. మట్టి వేసి, చుట్టుపక్కల నేల కంటే జానెడు ఎత్తు చేయండి. బకెట్టు మీద తీయదగ్గ మూత.

చుట్టూ చిన్న గట్టు వేయడం తప్పనిసరి. అక్టోబరులో తుపాను వాన ఒక్క రోజు పడితే చాలు, పెరటి బురదంతా గోతిలో చేరుతుంది. 2018 తిత్లీ లాంటి వాన తరవాత గట్టు లేని గొయ్యి మిగలదు. చూరు నీళ్లు, వాకిలి నీళ్లు ఇందులోకి రాకూడదు.

నీళ్లు ఎక్కడా పైకి కనిపించకూడదు. మలేరియా బాధ తెలిసిన జిల్లాలు మనవి, తెరిచిన తొట్టి దోమలకు పుట్టిల్లు.

7. పని చేస్తోందో లేదో చూసుకోండి

మొదటి రోజు 200 లీటర్ల డ్రమ్ము నీళ్లు ఒకేసారి వదలండి. చూపు గొట్టంలో కర్ర దింపి తడి ఎంతవరకు ఉందో రాసుకోండి. మర్నాడు ఉదయం, ఇంట్లో ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ చూడండి. 15 నిమిషాల నేలలో ఆ నీళ్లు దాదాపు ఇంకిపోయి ఉండాలి.

తరవాత వారానికోసారి ఉదయాన్నే చూడండి. గోతి అడుగు నుంచి నీరు 60 సెం.మీ.కి తక్కువైతే బాగుంది. వరసగా మూడు వారాలు పెరుగుతూ పోతే నేల మూసుకుంటోందని అర్థం, తొట్టి శుభ్రం చేసి గోతికి విశ్రాంతి ఇవ్వండి. వానల్లో మాత్రమే పెరిగి, మీరు నీళ్లు మళ్లించినా తగ్గకపోతే భూగర్భ జలమే గోతిలోకి వచ్చింది. వెంటనే వాడకం ఆపండి, మళ్లీ మట్టం దిగేదాకా.

నూతి నీళ్లు కూడా చూడాలి. గొయ్యి మొదలు పెట్టకముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, తరవాత ఏటా వానలకు ముందూ తరవాతా. టీడీఎస్ పెన్ను (నీటిలో కరిగిన ఉప్పులు ఎంతో చూపేది) కొనుక్కుంటే రోజూ ఖర్చులేని పని. అంకె మెల్లగా ఎక్కుతూ పోతే సబ్బు ఉప్పు చేరుతోందన్నమాట, మట్టి ఉప్పును ఆపలేదు. క్రిములకు పల్లెల్లో దొరికే చిన్న సీసా పరీక్ష ఉంది. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులుంచితే, మలినం ఉన్న నీరు నల్లబడుతుంది. నల్లబడితే తాగడం ఆపి, గోతికి నీళ్లు ఆపి, ల్యాబుకు పంపండి. జిల్లాలో గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో నైట్రేటు, క్లోరైడు, ఈ. కోలై (మలం కలిసిందని చెప్పే క్రిమి) అడగండి. తాగే నీటికి భారత ప్రమాణం ప్రకారం నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ. కోలై 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు.

మట్టం పెరిగిందో లేదో చూడాలంటే మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి అదే నుయ్యి, అదే చోటు నుంచి, ఉదయం మోటారు వేయకముందు కొలవండి. రెండు మూడేళ్ల అంకెలు ఉంటే తప్ప ఏమీ తేల్చలేం. ఒక మంచి వానాకాలం వచ్చి నుయ్యి నిండితే అది గోతి చలవ అనుకోవద్దు.

8. సంరక్షణ

తొట్టి మీది జిడ్డు వారానికోసారి తీసి మట్టిలో పాతండి, వీధి కాలవలో పడేయకండి. పీచు నెలకోసారి మార్చండి. ఇలా చూసుకుంటే గొయ్యి ఐదేళ్ల దాకా నడుస్తుంది. తరవాత రాళ్లు తీసి, కడిగి, గోడల మీది నల్లటి పొర రెండంగుళాలు చెక్కేసి మళ్లీ నింపాలి. తొట్టి పట్టించుకోని ఇళ్లలో రెండో వానాకాలానికే ఇది చేయాల్సి వస్తుంది.

వాసన, పొర్లు, తడి గోడ: ఏది ఎందుకు?

కుళ్లిన గుడ్ల వాసన వస్తే గోతిలో గాలి ఆడటం లేదు, అంటే నీరు నిలిచే ఉంటోంది. చాలాసార్లు కారణం గంజి, లేదా జిడ్డు. ముందు అవి ఆపండి. ఫినాయిల్ పోసి వాసన చంపాలని చూస్తే సమస్య రెట్టింపవుతుంది.

ఉదయం 7 నుంచి 9 లోపే పొర్లి, మధ్యాహ్నానికి తగ్గితే గొయ్యి బాగానే ఉంది, బకెట్టు పీచు మూసుకుంది. రోజంతా పొర్లితే గొయ్యే మూసుకుంది.

ఇంటి గోడకు చెమ్మ ఎక్కితే గొయ్యి దగ్గరైపోయింది. మందులు పూసి లాభం లేదు, గొయ్యి మార్చాలి.

గోతి మీద మొక్కలు బాగా పెరిగి, ఏడాదికి రాళ్లు వేళ్లతో నిండిపోవడం ఇంకో సంగతి. అరటి, చేమ, మెట్ట తామర వేసుకోండి, కానీ గోతికి 2 మీటర్ల దూరంలో. అరటి చెట్టు ఎండాకాలం రోజుకు 15–20 లీటర్లు తాగుతుంది. ఐదు చెట్లుంటే మీ నీళ్లలో సగం వాటికే. అది నష్టమేమీ కాదు, ఆ మేరకు మీరు నూతిలోంచి తోడటం తగ్గుతుంది. భూమికి చేరేదెంతో లెక్క వేసేటప్పుడు మాత్రం దాన్ని తీసేయండి.

గొయ్యి కుదరని చోట

నీళ్లు 3.5 మీటర్ల లోపే ఉన్న పల్లంలో, లేదా నేల 30 నుంచి 60 నిమిషాల మధ్య ఉన్న చోట, లోతు లేని కందకం తవ్వండి. వెడల్పు 60 సెం.మీ., లోతు 60 సెం.మీ. కింద 20 సెం.మీ. కడిగిన కంకర, దాని మీద రంధ్రాల గొట్టం, మళ్లీ 5 సెం.మీ. కంకర, గోనె, మట్టి. కందకానికి అడుగు వైశాల్యం లెక్క. 45 నిమిషాల నేలలో 190 లీటర్లకు 6.3 చదరపు మీటర్లు, అంటే పదిన్నర మీటర్ల పొడవు. ఒకే వరసకు చోటు లేకపోతే 2 మీటర్ల ఎడంతో రెండు వరసలు తీయండి. ఇక్కడ కూడా కింద 2 మీటర్ల పొడి నేల ఉండాలి, కాబట్టి అక్టోబరు మట్టం 2.6 మీటర్ల కంటే లోతుగా ఉండాలి.

అదీ లేకపోతే, తీరపు ఇసుకైతే, ఇంకించడం మానేయండి. నేల మీద 40 సెం.మీ. ఎత్తు మళ్లు పోసి, ఎర్రమట్టి, ఇసుక, పెంట కలిపి, అరటి నాటి, తొట్టి దాటిన నీళ్లు అక్కడ వాడుకోండి. నూతిని కాపాడుకోవడం, నూతిని నింపడం కంటే ముందు.

నూతిలోకి నేరుగా పంపదగ్గది ఒక్కటే

కప్పు మీది వాన నీరు. 100 చదరపు మీటర్ల డాబా మీద 1,200 మి.మీ. వాన పడి, అందులో 80 శాతం పట్టుకుంటే 96,000 లీటర్లు. ఐదుగురి వాడుక నీళ్ల కంటే ఎక్కువే. మొదటి వానల కడుగుడు నీళ్లు వదిలేసి, ఇసుక, కంకర వడపోత దాటించి నూతికి మళ్లించండి. ఆ గొట్టమూ వాడుక నీళ్ల గొట్టమూ ఎక్కడా కలవకూడదు. రెండింటికీ వేరే రంగు వేయండి, రేపు వచ్చే ప్లంబరుకు తెలియాలిగా.

అపార్ట్‌మెంటు మురుగు శుద్ధి యంత్రం నీళ్లు

బరంపురంలో ఇప్పుడు ఈ ప్రశ్న కూడా వస్తోంది. యంత్రం దాటిన నీళ్లు తేటగా కనిపించినా బోరులోకి దింపొద్దు. మరుగుదొడ్లలో, తోటకు, నేల కడగడానికి వాడండి. బెంగుళూరులో శుద్ధి చేసిన మురుగు నీళ్లను 2018 నుంచి కోలారు జిల్లాకు పంపిస్తున్నారు. అక్కడ కూడా చెరువుల్లోకి వదిలి మట్టిలోంచే ఇంకిస్తున్నారు. అమెరికాలో కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో 2008 నుంచి శుద్ధి నీటిని భూగర్భంలోకి ఎక్కిస్తున్నారు. సన్న వడపోత, ఆర్‌ఓ, ఆ పైన అతినీలలోహిత కాంతి, ఈ మూడూ దాటాకే ఆ పని చేస్తారు. మన డాబా కింది యంత్రం మామూలుగా ఆ మూడూ చేయదు.

పంచాయతీ సాయం

స్వచ్ఛ భారత్ గ్రామీణ రెండో దశలో వాడుక నీటి నిర్వహణను కూడా చేర్చారు. వార్డు మెంబరును అడగండి. బ్లాకు ఆఫీసులో “ఇంకుడు గొయ్యి” అంటే అర్థం కాకపోవచ్చు, “సోక్ పిట్” అనండి. ప్రభుత్వ నమూనా తరచుగా 1 మీ. × 1 మీ. ఉంటుంది. మీ నేల లెక్క అంతకంటే పెద్దది కోరితే, మూడో మెట్టులో కొలిచిన అంకెలు చూపించి పెద్దది అడగండి. చూపు గొట్టం, జిడ్డు తొట్టిలో టీ నమూనాలో లేకపోతే మీ ఖర్చుతోనైనా వేయించుకోండి. తవ్వే రోజున మేస్త్రీకి ముందే చెప్పాల్సిన మాటలు మూడు: అడుగున సిమెంటు వద్దు, గోడలు గీరాలి, రాళ్లు కడిగి వేయాలి.